కంప్యూటరు కట్టే పగటివేషం

ముందుగా ఒక చిక్కు ప్రశ్న.

1983 లో జపానులో నింటెండో కంపెనీ ఒక ఆటల పెట్టెను అమ్మకానికి పెట్టింది. దాని పేరు ఫ్యామికామ్. దాని మెదడు, అంటే ప్రాసెసరు, సెకండుకి సుమారు 17 లక్షల 90 వేల టిక్కులు వేస్తుంది. పని చేసుకోడానికి దానికున్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. 2008 ప్రాంతంలో వచ్చిన ఒక చిన్న ల్యాప్‌టాపును దాని పక్కన పెట్టండి. అది సెకండుకి 160 కోట్ల టిక్కులు వేస్తుంది. జ్ఞాపకశక్తి 1 గిగాబైటు. అంటే వేగంలో సుమారు తొమ్మిది వందల రెట్లు, జ్ఞాపకశక్తిలో ఐదు లక్షల రెట్లు పెద్దది.

అయినా ఆ ల్యాప్‌టాపులో పాత ఆటల పెట్టెలను అనుకరించే ప్రోగ్రాములు కొన్నింటిని నడిపి చూస్తే ఆట నత్తనడక నడుస్తుంది. పాట సాగిపోతుంది. దూకమంటే బొమ్మ ఆలోచించుకుని దూకుతుంది. ఒక్క మనిషి అవలీలగా మోసిన మూటను తొమ్మిది వందల మంది కలిసి మోయలేకపోవడమేమిటి? వింతగా లేదూ?

తప్పు కంప్యూటరుదేనని చాలామంది దాన్ని మూల పడేస్తారు. నిజానికి తప్పు ఎంపికలో ఉంటుంది. ఈ చిక్కుముడి విప్పితే పాత కంప్యూటరుకి సరైన ప్రోగ్రాము ఎంచుకోడమూ వస్తుంది, కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది.

ఈ ఫ్యామికామ్ మనకు పరాయిదేమీ కాదు. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించుకుని, కాసెట్లు మార్చుకుంటూ ఆడిన వీడియో గేము పెట్టెల్లో చాలావరకు దీనికి నకళ్లే. మీ నాన్ననో మేనమామనో అడిగి చూడండి. కాసెట్టు పనిచేయకపోతే బయటికి తీసి నోటితో ఊదిన కథ చెబుతారు.

వేషగాడు ఏం చేస్తాడు?

పగటివేషగాడిని చూశారా? నిన్న శివుడిగా వచ్చినవాడే ఇవాళ పోలీసు వేషంలో వస్తాడు. మనిషి ఒకడే. కానీ నడక, మాట, చూపు అన్నీ వేషానికి తగ్గట్టు మారిపోతాయి. ఒక కంప్యూటరు మరో యంత్రం వేషం కడితే ఆ వేషం కట్టించే ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటారు.

ఇది ఆటల కోసం పుట్టిన ఊహ కాదు. ఐబీఎం కంపెనీ 1964 లో సిస్టమ్/360 అనే కొత్త కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అప్పటికే 1401 అనే పాత రకం కంప్యూటరు మీద జీతాల లెక్కలూ సరుకుల లెక్కలూ రాసుకున్న సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఆ ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయాలంటే ఎవరు కొంటారు? అందుకని కొత్త యంత్రాల్లో కొన్ని, పాత 1401 వేషం కట్టి, పాత ప్రోగ్రాములను నడిపేటట్లు ఏర్పాటు చేశారు.

ఇంకా వెనక్కి వెళితే 1936 లో ఇంగ్లండుకి చెందిన అలన్ ట్యూరింగ్ అనే గణితజ్ఞుడు దీనికి పునాది వేశాడు. ఇతర గణన యంత్రాలన్నింటినీ అనుకరించగల ఒకే ఒక్క యంత్రం సాధ్యమేనని ఆయన కాగితం మీద నిరూపించాడు. కాని ఒక షరతు. దానికి కావలసినంత చోటూ, కావలసినంత సమయమూ ఇవ్వాలి.

చోటు మన దగ్గర బోలెడుంది. చిక్కంతా సమయంతోనే.

169, ఆ పక్కన 5

ఫ్యామికామ్ మెదడు 6502 అనే ప్రాసెసరుకి తమ్ముడు. 6502 ను అమెరికాలో 1975 లో తయారుచేశారు. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. అంకెలే వచ్చు. 169, ఆ పక్కన 5 అని కనబడితే "ఏ అనే గదిలో 5 వేయి" అని దానికి అర్థం. ఈ పని అది రెండు టిక్కుల్లో ముగిస్తుంది.

అదే పని వేషం కట్టిన కంప్యూటరు ఎలా చేస్తుందో చూడండి. ముందు 169 ని చదవాలి. 169 అంటే ఏమిటో పట్టికలో వెదకాలి. తర్వాతి అంకె 5 ను తేవాలి. "ఏ" గదికి బదులుగా తాను పెట్టుకున్న చోట 5 వేయాలి. వేసినది సున్నా అయిందా, రుణసంఖ్య అయిందా అని చూసి గుర్తు పెట్టుకోవాలి. తర్వాత చదవాల్సిన చోటు రెండు గడులు ముందుకు జరపాలి. చివరగా "రెండు టిక్కులు గడిచాయి" అని చిట్టాలో రాసుకోవాలి. అసలు యంత్రానికి తీగల్లోనే ఉన్న నేర్పును ఇక్కడ మాటమాటగా అభినయించాలన్నమాట. ఒక్క ఆజ్ఞకు ఇలా కొన్ని పదుల అడుగులు పడతాయి.

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి. ఆట తెర సెకండుకి 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి 1000 ని 60 తో భాగిస్తే వచ్చే 16.7 మిల్లీసెకండ్లు. ఆ వ్యవధిలో మన ల్యాప్‌టాపు 2 కోట్ల 67 లక్షల టిక్కులు వేయగలదు. ఇదే మన ఖజానా. దీన్ని దాటి ఖర్చు పెడితే ఆట నెమ్మదిస్తుంది.

అదే వ్యవధిలో ఫ్యామికామ్ మెదడు వేసే టిక్కులు దాదాపు 29,800. ఒక్కో ఆజ్ఞకు సగటున మూడు టిక్కులనుకుంటే పదివేల ఆజ్ఞలు. ఒక్కోదానికి మనకు 50 టిక్కులు ఖర్చనుకుంటే మొత్తం 5 లక్షలు. ఖజానాలో ఇది యాభయ్యో వంతు మాత్రమే. "ఇంతేనా!" అనుకుంటున్నారా? ఆగండి.

బొమ్మలు గీసే చిప్‌తో వచ్చింది చిక్కు

ఫ్యామికామ్‌లో బొమ్మలు గీయడానికి వేరే చిప్ ఉంది. మెదడు ఒక టిక్కు వేసేలోగా అది మూడు చుక్కల పని చేస్తుంది. తెర మీద మనకు కనబడేవి 256 నిలువు వరుసలు, 240 అడ్డగీతలు. కనబడని అంచులతో కలిపి ఒక్క బొమ్మకు 262 గీతలు, గీతకు 341 చుక్కలు. మొత్తం 89,342 చుక్కలు.

ఇక్కడ ఎమ్యులేటర్ రాసేవారి ముందు రెండు దారులున్నాయి. మొదటిది పొదుపు దారి. మెదడును కొంతసేపు నడిపించి, "ఇప్పుడు ఒక గీత మొత్తం గీసేయ్" అనడం. ఇలా అయితే ఒక బొమ్మకు 262 సార్లు పని మార్చుకుంటే చాలు. రెండోది నిక్కచ్చి దారి. ప్రతి చుక్కకీ మెదడు ఏం చేస్తోందో, బొమ్మల చిప్ ఏం చేస్తోందో సరిచూసుకుంటూ పోవడం. అప్పుడు 89 వేల పైచిలుకు సార్లు పని మారాలి. చుక్కకు 100 టిక్కుల ఖర్చు వేసుకున్నా 89 లక్షలు. ఖజానాలో మూడో వంతు ఖాళీ. ఇంకా ధ్వని ఉంది, బొమ్మను తెరకు తగినట్టు పెద్దది చేయడం ఉంది, విండోసో లినక్సో తన వాటా తాను అడగడం ఉంది.

1990 లో వచ్చిన సూపర్ నింటెండో వంటి పెట్టెల్లో ఇలాంటి చిప్‌లు ఇంకా ఎక్కువ. ధ్వనికే ఒక ప్రత్యేక ప్రాసెసరు ఉంది. వాటన్నింటినీ టిక్కు తప్పకుండా ఒకే తాళానికి ఆడించాలంటే ఖజానా నిండుకుంటుంది.

"మా కంప్యూటరులో రెండు కోర్లున్నాయి కదా, చెరొక పని పంచితే?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. ఇద్దరు కలిసి రోకళ్లతో ఒకే రోట్లో దంచుతున్నారనుకోండి. ఒకరి పోటుకు మరొకరు ఎదురుచూడాలి. ప్రతి టిక్కుకూ ఒకదాని కోసం ఒకటి ఆగే పనులను పంచితే, పనికన్నా ఎదురుచూపే ఎక్కువవుతుంది. అంచేత ఇక్కడ కోర్ల సంఖ్యకన్నా ఒక్క కోరు వేగమే ముఖ్యం.

నీడ లేని విమానం

అలాంటప్పుడు అందరూ పొదుపు దారినే పోవచ్చుగా? చాలాకాలం అలాగే పోయారు. 1997 లో వచ్చిన జెడ్‌స్నెస్ అనే సూపర్ నింటెండో ఎమ్యులేటర్‌ను చాలావరకు ప్రాసెసరు సొంత భాషకు అతి దగ్గరగా ఉండే అసెంబ్లీలో రాశారు. అందుకే ఆనాటి బక్క కంప్యూటర్ల మీద కూడా అది పరుగెత్తింది. ఎన్నో ఆటలు చక్కగా ఆడాయి.

కాని ఎయిర్ స్ట్రైక్ పెట్రోల్ అనే విమానాల ఆట ఒకటుంది. అసలు యంత్రం మీద ఆడితే విమానం కింద నేల మీద దాని నీడ కనబడుతుంది. పొదుపు దారి పట్టిన ఎమ్యులేటర్లలో ఆ నీడ మాయమైంది! ఎంచేత? తెర మీద గీత సగం పడేసరికి బొమ్మల చిప్‌లోని అమరికను మార్చి ఆ నీడను పుట్టిస్తుంది ఆ ఆట. గీత మొత్తం ఒక్క ఊపున గీసేవాడికి సగంలో జరిగిన మార్పు ఎలా తెలుస్తుంది?

ఇంకో చిత్రం కూడా జరిగింది. అభిమానులు కొందరు పాత ఆటలను మార్చి, వేరే భాషల్లోకి తిప్పి, జెడ్‌స్నెస్ మీద మాత్రమే సరిచూసుకున్నారు. అందులో బాగా నడిచినవి కొన్ని అసలు పెట్టెలో పెడితే నడవలేదు. వేషాన్ని చూసి అసలు మనిషి అనుకుంటే వచ్చే తిప్పలివి.

బైయూ అనే మారుపేరుతో రాసిన ప్రోగ్రామరు ఒకరు దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టారు. బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్‌లో ప్రతి చిప్‌నూ ఉన్నదున్నట్టు అనుకరించారు. 2011 లో రాసిన ఒక వ్యాసంలో అందుకు సుమారు 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు ఎందుకు అవసరమో వివరించారు. సూపర్ నింటెండో మెదడు వేగం 3.58 మెగాహెర్ట్జ్ కు మించదు. అంటే ఎనిమిది వందల రెట్ల వేగం ధారపోయాలి! దండగ కాదా అంటే, ఆయా పెట్టెలు ఒక్కొక్కటిగా పాడైపోతాయి, కొత్తవి ఎవరూ చేయరు. ఆ యంత్రం ఎలా ఉండేదో చెప్పే నిఖార్సైన సాక్ష్యం రేపటికి మిగలాలి కదా! అది వారి వాదన. బీఎస్‌నెస్ తర్వాతి రూపాల్లో, నిదానపు కంప్యూటర్ల కోసం వేగంగా గీసే పద్ధతినీ చేర్చారు.

ఇద్దరిలో ఎవరు ఒప్పు? సినిమా పాట పాడుకోడానికి గొంతు బాగుంటే చాలు. అదే పాటకు స్వరలిపి రాసి భద్రపరచాలంటే ఒక్క గమకం తప్పకూడదు. రెండూ అవసరమే. మీకు ఏ పని కావాలో తేల్చుకోవలసింది మీరే.

దుబాసీలు రెండు రకాలు

పెద్ద పెట్టెల విషయంలో ఇంకో ఉపాయం ఉంది. పూర్వం దొరలకూ మనవాళ్లకూ మధ్య దుబాసీ ఉండేవాడు. వక్త ఒక వాక్యం చెప్పగానే అతను తర్జుమా చేసేవాడు. అదే వాక్యం వందసార్లు వస్తే వందసార్లూ తర్జుమా చేయాల్సిందే. పైన 169 కథలో మన ఎమ్యులేటర్ చేసింది ఇదే.

తెలివైన దుబాసీ ఏం చేస్తాడు? పదేపదే వచ్చే ప్రసంగ భాగాన్ని ఒకసారి పూర్తిగా తర్జుమా చేసి కాగితం మీద పెట్టుకుంటాడు. మళ్లీ వచ్చినప్పుడు చూసి చదివేస్తాడు. ఇలా తర్జుమా చేసి దాచుకునే పద్ధతిని డైనమిక్ రీకంపైలేషన్ అంటారు. 1994 లో వచ్చిన ప్లేస్టేషన్, 1996 నాటి నింటెండో 64 వంటి వేగవంతమైన యంత్రాల ఎమ్యులేటర్లకు ఇది ప్రాణం.

నింటెండో 64 కు 1999 లో వచ్చిన అల్ట్రాహెచ్‌ఎల్‌ఈ అనే ఎమ్యులేటర్ మరో అడుగు వేసింది. చిప్ లోపలి పనినంతా అభినయించకుండా, ఆట చిప్‌ను ఏ బొమ్మ అడుగుతోందో కనిపెట్టి, ఆ పనిని సరాసరి మన కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించింది. ఆ ఆటల పెట్టె ఇంకా అంగళ్లలో అమ్ముడవుతుండగానే, దాని ఆటలు కొన్ని ఇంటి కంప్యూటర్ల మీద పూర్తి వేగంతో ఆడాయి. కాని కొన్నే. అడ్డదారిలో వేగం ఎక్కువ, గమ్యాలు తక్కువ.

మరి మీ కంప్యూటరుకి ఏది?

ఇప్పుడు మన దగ్గర లెక్క ఉంది కనుక ఎంపిక సులువు.

మొదట మీ కంప్యూటరు సంగతి తెలుసుకోండి. ప్రాసెసరు పేరేమిటి, ఏ ఏటిది, ఆపరేటింగ్ సిస్టం 32 బిట్లదా 64 బిట్లదా అని చూడండి. 64 బిట్ల కోసం చేసిన ప్రోగ్రాము 32 బిట్ల సిస్టంలో అసలు తెరుచుకోదు. ఒకే గిగాహెర్ట్జ్ అంకె ఉన్నా పాత ప్రాసెసరు ఒక్కో టిక్కుకు చేసే పని తక్కువని గుర్తుంచుకోండి.

రెండోది, ఏ పెట్టె వేషం కట్టించాలో తేల్చుకోండి. ఫ్యామికామ్, 1989 నాటి గేమ్ బాయ్ వంటి 8 బిట్ల పెట్టెలైతే పాత కంప్యూటరుకి తేలిక. సూపర్ నింటెండో, 1988 నాటి మెగా డ్రైవ్ మధ్య రకం. ప్లేస్టేషన్ నుంచి పైకి బరువు పెరుగుతుంది.

మూడోది, ఒకే పెట్టెకు ఉన్న ఎమ్యులేటర్లలో తగినదాన్ని పట్టుకోండి. ఫ్యామికామ్‌కు మెసెన్ నిక్కచ్చి రకం, బరువూ ఎక్కువ. ఎఫ్‌సీఈయూఎక్స్ తేలిక. పైగా బొమ్మల చిప్‌ను అనుకరించడానికి అందులో పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండూ ఉన్నాయి. పాతది వేగం, కొత్తది నిక్కచ్చి. సూపర్ నింటెండోకు నిదానపు కంప్యూటరు మీద స్నెస్9ఎక్స్ మేలు. వేగంలోనూ, నిజానికి దగ్గరగా ఉండడంలోనూ అది మధ్యేమార్గం.

నాలుగోది, అమరికలు. బొమ్మ అంచులను నునుపు చేసే ఫిల్టర్లు ఉంటాయి. అవి అందంగా ఉంటాయి కాని ఖజానాను కొల్లగొడతాయి. ముందు వాటిని ఆపేయండి. ల్యాప్‌టాపు అయితే కరెంటుకు తగిలించండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు అది పొదుపు కోసం వేగం తగ్గించుకోవచ్చు. ఫ్యానులో దుమ్ము పేరుకుంటే వేడెక్కి కూడా వేగం తగ్గించుకుంటుంది. పెద్దవాళ్ల సాయంతో దులిపించండి.

ఐదోది, ఫ్రేమ్ స్కిప్. అంటే కొన్ని బొమ్మలు గీయకుండా వదిలేయడం. ఇది అన్ని వేళలా పనిచేయదు. ఎందుకో లెక్క చూడండి. ఆట లోపలి పనికి 10 మిల్లీసెకండ్లు, గీయడానికి 10 పడుతున్నాయనుకోండి. మొత్తం 20. మన హద్దు 16.7. ఆట నెమ్మదిస్తుంది. బొమ్మ విడిచి బొమ్మ గీస్తే సగటు ఖర్చు 15 మిల్లీసెకండ్లే. గట్టెక్కాం! కాని లోపలి పనికే 18 పడుతుంటే? బొమ్మలన్నీ మానేసినా 18, 16.7 కన్నా ఎక్కువే. బొమ్మ గీయకపోయినా ఆట నడవాలి కదా, శత్రువు కదలాలి కదా! అలాంటప్పుడు ఎమ్యులేటర్‌నే మార్చాలి.

ఇది ఎవరి సొత్తు?

ఎమ్యులేటర్ వేరు, ఆట వేరు. 2000 లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు సోనీ, కనెక్టిక్స్ కంపెనీల మధ్య వచ్చిన కేసులో, ఎమ్యులేటర్ తయారీలో పరిశీలన కోసం అసలు ప్రోగ్రాముకు నకలు తీయడం తప్పు కాదని తీర్పు చెప్పింది. కాని ఆటలు వాటి కర్తల సొత్తు. మన దేశంలోనూ కంప్యూటరు ప్రోగ్రాములకు కాపీరైటు చట్టం రక్షణ ఉంది. ఎంత పాత ఆటైనా ఊరికే దొరికింది కదా అని దించుకోకూడదు. ఈ పాత పెట్టెల కోసం ఇప్పటికీ సరదాగా కొత్త ఆటలు రాసి, అందరికీ ఉచితంగా పంచేవారున్నారు. వాటితో మొదలుపెట్టండి.

మీరూ చేసి చూడండి

కొత్త కంప్యూటరు ఉన్నవాడు బొత్తాం నొక్కి ఆడుకుంటాడు. అతనికి 16.7 మిల్లీసెకండ్ల సంగతి తెలియనే తెలియదు. పాత కంప్యూటరు ఉన్నవాడికి లెక్క వేయక తప్పదు. లెక్క వేసినవాడికే యంత్రం తన గుట్టు చెబుతుంది.

ఆ గుట్టు ఇంకా తెలుసుకోవాలంటే మీరే ఒక ఎమ్యులేటర్ రాయవచ్చు. 1977 నాటి కాస్మాక్ విప్ అనే చిన్న కంప్యూటరు కోసం జోసెఫ్ వైస్‌బెకర్ అనే ఇంజనీరు చిప్-8 అనే ఆజ్ఞల భాషను రూపొందించాడు. అందులో ఆజ్ఞలు 35. తెర 64 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు. జ్ఞాపకశక్తి 4 కిలోబైట్లు. పైథాన్ వచ్చిన హైస్కూలు విద్యార్థి కొన్ని వారాల ఓపికతో దీన్ని రాయగలడు. ముందు మెదడు, తర్వాత తెర, చివర మీటలు, ఈ వరసలో వెళ్లండి.

దీనిలో తమాషా ఒకటుంది. చిప్-8 అనే యంత్రం ఎన్నడూ లేదు! అది పుట్టుకతోనే వేషం. లేని యంత్రానికి వేషం కట్టించి, దాని మీద ఒక చుక్క కదిలిందంటే, ట్యూరింగ్ కాగితం మీద నిరూపించినది మీ పాత కంప్యూటరు మీ కళ్ల ముందు చేసి చూపించినట్టే.